ముందు ఓడ కాదు, దారి చూడు

సియాటిల్ నుంచి

ఒరేయ్ రవీ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. "అమ్మా నాన్నా మేలో వస్తున్నారు, జూన్‌లో అలాస్కా క్రూజ్ అనుకుంటున్నాం, ఏ షిప్ మంచిది?" అని ఒక్క ముక్కలో అడిగేశావు. ఫోన్‌లో చెబితే సగం నీకు గుర్తుండదు, సగం నేను మర్చిపోతాను. అందుకే పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. మేం రెండుసార్లు వెళ్ళాం కదా. మొదటిసారి ఇక్కడి నుంచే ఎక్కి ఇక్కడే దిగాం. రెండోసారి అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని అయిదు రోజులు నేల మీద, ఏడు రాత్రులు ఓడ మీద తిరిగాం. బాబాయిగారినీ పిన్నినీ నువ్వు ఆ రెండోరకంగానే తీసుకెళ్ళాలని నా కోరిక.

ముందు షిప్ సంగతి పక్కన పెట్టు. వాటర్ స్లైడులూ షోలూ కావాలంటే మీ డాలస్ నుంచి గాల్వెస్టన్‌కి కారులో పోయి ఎక్కొచ్చు. అలాస్కా వెళ్ళేది కిటికీ బయట ఉన్నదాని కోసం. కాబట్టి ఓడ ఏ దారిలో పోతుంది, ఏ గ్లేసియర్ (మెల్లగా కదిలే మంచునది) దగ్గర ఎంతసేపు ఉంటుంది, ఏ ఊళ్ళో ఎన్ని గంటలు ఆగుతుంది, ఈ మూడూ చూడు. ఓడ పేరు ఆ తర్వాత.

దానికంటే ముందు వీసా. ఇది ఈ రాత్రే చూసుకో. 1886 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికాలో ఎక్కించుకున్న వాళ్ళని వేరే దేశం రేవు తాకకుండా తిప్పకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలవే. అందుకే సియాటిల్ ఓడలు కూడా వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో కెనడాలో ఆగుతాయి, ఎక్కువగా విక్టోరియాలో. అంటే ఏ రకం క్రూజ్ తీసుకున్నా కెనడా తగులుతుంది. నీకూ చెల్లాయికీ గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు, ఆ కార్డు ఉంటే చాలు. చిన్నాడిది అమెరికన్ పాస్‌పోర్టు. పిన్నీ బాబాయిగార్లకి మాత్రం అమెరికా వీసా ఉన్నా సరే, కెనడా వీసా విడిగా కావాలి. "మేం విక్టోరియాలో దిగం, ఓడలోనే కూర్చుంటాం" అంటే కుదరదు, కాగితాలు లేకపోతే ఎక్కేచోటే ఆపేస్తారు. వేలిముద్రలు ఇవ్వాలి, పాస్‌పోర్టు పంపాలి, కాబట్టి వాళ్ళు తెనాలిలో ఉండగానే అప్లై చేయించు. మేం ఆలస్యంగా అప్లై చేస్తే మామయ్యగారి వీసా ఓడ బయల్దేరే తొమ్మిది రోజుల ముందు చేతికొచ్చింది. ఆ నెలంతా ఇంట్లో ఒకటే టెన్షన్, ఎవరికీ తిండి సహించలేదు. అది మీకొద్దు. వాళ్ళ అమెరికా వీసా కూడా ఒక్కసారికే ఇచ్చిందా, ఎన్నిసార్లయినా రావచ్చా అన్నది చూడు.

ఇప్పుడు దారి. సియాటిల్ రౌండ్ ట్రిప్‌లో విమానం టికెట్లు సులువు, ఖర్చు తక్కువ. కానీ ఆ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి పక్కనుంచి, అంటే బహిరంగ సముద్రంలోంచి పోతాయి, ఊపు ఉంటుంది. మా మొదటి ట్రిప్‌లో రెండో రోజంతా మా ఆవిడ మంచం దిగలేదు. పైగా విక్టోరియాలో సాయంత్రం పొద్దుపోయాక దింపి అర్ధరాత్రికి ఎక్కించుకుంటారు, చూసేదేమీ ఉండదు. కెనడాలోని వాంకూవర్ ఊరి నుంచి వెళ్ళే ఓడలు ఆ దీవికీ నేలకీ మధ్యనున్న ఇన్‌సైడ్ పాసేజ్‌లో పోతాయి. రెండు పక్కలా అడవి, నీళ్ళు చాలామటుకు చెరువులా ఉంటాయి. ఇందులో వన్ వే క్రూజులు ఉన్నాయి. వాంకూవర్ నుంచి ఉత్తరానికి పోయి అలాస్కాలోని పెద్ద ఊరు ఆంకరేజ్ దగ్గరున్న విట్టియర్‌లోనో సూవర్డ్‌లోనో దింపుతాయి, లేదా అక్కడ ఎక్కించుకుని కిందకి తెస్తాయి. నువ్వు ఆ కిందకి వచ్చేదే తీసుకో. ముందు నేల, తర్వాత ఓడ. నేల మీద రోజూ సూట్‌కేసులు సర్దడం, బస్సులు, రైళ్ళు, తెల్లవారుజామున లేవడం ఉంటాయి. ఆ అలసటంతా ముందే అయిపోతే తర్వాత ఏడు రోజులు ఒకే గది, ఒకే మంచం. అత్తయ్యగారు ఓడ ఎక్కి బట్టలు అల్మారాలో పెట్టుకున్నాక, "హమ్మయ్య, ఇక ఇల్లు చేరినట్టే" అన్నారు.

ఓడ ఎక్కే రోజునే ఆంకరేజ్‌లో దిగేలా మాత్రం ఎప్పుడూ పెట్టుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. నేల ప్రయాణం ముందు పెట్టుకుంటే ఆ భయమూ ఉండదు.

నేల మీద నీకు రెండు దారులు. క్రూజ్ కంపెనీ వాళ్ళే రైలు, బస్సు, హోటలు అన్నీ కలిపి అమ్మేది ఒకటి. సామాను వాళ్ళే గదికి చేరుస్తారు, డెబ్భై దాటిన వాళ్ళు ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు. కానీ నీ రోజు నీ చేతిలో ఉండదు. రెండోది సొంతంగా వెళ్ళడం. ఆంకరేజ్ నుంచి డెనాలి నేషనల్ పార్కుకి కారులో దాదాపు 240 మైళ్ళు. అలాస్కా రైల్‌రోడ్‌లో అయితే ఏడున్నర గంటలు. రైలే ఎక్కు. కారులో ఒకడు రోడ్డు చూస్తూ ఉండాలి, ఆ ఒక్కడివీ నువ్వే అవుతావు.

డెనాలిలో ఒక్క రాత్రి పెట్టుకున్న వాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. అక్కడి డెనాలి శిఖరం 20,310 అడుగులు, ఉత్తర అమెరికాలో అన్నిటికంటే ఎత్తు. అంత కొండా రోజుల తరబడి మబ్బుల వెనకే ఉంటుంది. వెళ్ళిన వాళ్ళలో మూడోవంతు మందికే కనిపిస్తుందని అక్కడ ఎవర్నడిగినా చెబుతారు. మాకు రెండు రోజులు ఏమీ కనబడలేదు. మూడో రోజు పొద్దున్నే, బస్సు ఎక్కబోతుంటే, ఆకాశంలో సగం దాకా తెల్లగా నిలబడి ఉంది. మామయ్యగారు బస్సు మెట్టు మీద కాలు పెట్టి అలాగే ఉండిపోయి, చేతులు జోడించారు. అందుకే పార్కు దగ్గర రెండు రాత్రులైనా, వచ్చేటప్పుడు దక్షిణాన టల్కీట్నాలో ఒక రాత్రి పెట్టుకో. టల్కీట్నా వైపు నుంచి కూడా కొండ బాగా కనిపిస్తుంది, కాబట్టి నీకు ఇంకో అవకాశం దొరికినట్టు. అన్నట్టు, 2025 జనవరిలో ప్రభుత్వం ఆ శిఖరం పేరు మళ్ళీ మెకిన్లీ అని మార్చింది, పార్కు పేరు డెనాలిగానే ఉంచింది. మ్యాపుల్లో రెండు పేర్లూ కనబడితే కంగారు పడకు.

పార్కులో ఉన్నది ఒకటే రోడ్డు, 92 మైళ్ళు. సొంత కార్లని మొదటి 15 మైళ్ళ వరకే పోనిస్తారు, ఆ తర్వాత పార్కు బస్సులే. 2021 ఆగస్టులో ప్రెట్టీ రాక్స్ అనేచోట కొండచరియ జారుతోందని 43వ మైలు దగ్గర రోడ్డు మూసేశారు. తర్వాత అక్కడ వంతెన పని మొదలుపెట్టారు. ఎక్కడి దాకా పోనిస్తున్నారో పార్కు వెబ్‌సైట్‌లో చూసి బస్సు బుక్ చెయ్యి. బస్సులో తిండి దొరకదు. నీళ్ళూ తినడానికేమైనా చేతిసంచిలో పెట్టుకోండి. ఎలుగుబంట్లు, దుప్పులు, కారిబూలు, కొండ అంచున తెల్లచుక్కల్లా డాల్ గొర్రెలు కనిపిస్తాయి. మనిషికొక బైనాక్యులర్ కొను. ఒక్కటే ఉంటే అది చేతులు మారేలోపల ఎలుగుబంటి పొదల్లోకి పోతుంది. చిన్నాడి కోసం అయితే పార్కు వాళ్ళ స్లెడ్ కుక్కల ప్రదర్శన తప్పకుండా చూపించు, ఉచితం. చలికాలంలో రేంజర్లు ఈ కుక్కల బండ్ల మీదే పార్కంతా తిరుగుతారు.

జూన్‌లో అక్కడ రాత్రి పదకొండుకి కూడా వెలుతురే. పిన్నికి వెలుతురుంటే నిద్ర పట్టదు కదా, కళ్ళకి కట్టుకునే గుడ్డ తీసుకెళ్ళు. దోమల మందు కూడా. అరోరా, అంటే రాత్రి ఆకాశంలో కనబడే రంగుల వెలుగు, దాని మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, చీకటి లేనిదే అది కనబడదు. దానికోసం ఆగస్టు చివర నుంచి వెళ్ళాలి, అప్పటికి చిన్నాడి బడి తెరుస్తారు. జూన్ మొదటి రెండు వారాలు మీకు సరిగ్గా సరిపోతాయి. దక్షిణాన ఆ రోజుల్లో వాన కాస్త తక్కువ, జనం కూడా జులై అంత ఉండరు.

మీ ఓడ విట్టియర్ నుంచి అయితే ఒక సొరంగం దాటాలి. రెండున్నర మైళ్ళు, ఒకటే లైను. అందులోనే రైలు, అందులోనే కార్లు, వంతులవారీగా వదులుతారు. వంతు తప్పితే దాదాపు గంట ఆగాలి, ఆ లెక్క వేసుకుని బయల్దేరండి.

ఇక ఓడ దారిలో నువ్వు పట్టుబట్టాల్సింది గ్లేసియర్ బే అనే అఖాతం. రోజుకి రెండు పెద్ద ఓడలనే లోపలికి పోనిస్తారు, అవి కూడా కొన్ని కంపెనీలవే. హాలండ్ అమెరికా, ప్రిన్సెస్, నార్వేజియన్ ఓడలు కొన్ని వెళ్తాయి. మిగతావి హబ్బర్డ్ గ్లేసియర్‌కో ఎండికాట్ ఆర్మ్‌కో తీసుకెళ్తాయి. హబ్బర్డ్ కూడా గొప్పదే. కానీ గ్లేసియర్ బేలో పొద్దున్నే పార్కు రేంజర్లు ఓడ ఎక్కి సాయంత్రం దాకా మైకులో చెబుతూ ఉంటారు. 1794లో కెప్టెన్ వాంకూవర్ బృందం వచ్చినప్పుడు అక్కడ అఖాతం అయిదు మైళ్ళ నొక్కు మాత్రమేనట, మిగతాదంతా మంచు. ఇప్పుడు అదే చోట ఓడ 60 మైళ్ళకు పైగా లోపలికి పోతుంది. చివరన మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ నిలబడిపోయి, మెల్లగా తనచుట్టూ తాను తిరుగుతుంది. అందరూ మాటలు ఆపేస్తారు. ఉన్నట్టుండి ఒక మంచు గోడ విరిగి నీళ్ళలో పడుతుంది. ముందు కంటికి కనబడి, ఆ తర్వాత శబ్దం వినబడుతుంది. ఆ నేల మనుషులైన ట్లింగిట్ వాళ్ళు దాన్ని తెల్ల ఉరుము అంటారని రేంజర్ చెప్పింది. ఆ రోజు స్పా, బఫే ఏమీ పెట్టుకోవద్దు. పొద్దున్నే డెక్ మీదకి పోండి.

బాల్కనీ గదికి డబ్బు పెట్టడం సబబేనా అని చెల్లాయి అడిగిందట కదా. మిగతా ఎక్కడైనా వద్దంటాను, ఇక్కడ పెట్టు. పెద్దవాళ్ళు దుప్పటి కప్పుకుని గదిలోంచే చూడొచ్చు. ఉత్తరం నుంచి కిందకి వస్తారు కాబట్టి ఎడమవైపు గది అడుగు, తీరం అటు ఉంటుంది. కింది అంతస్తుల్లో, ఓడ మధ్యలో అయితే ఊపు తక్కువ. విట్టియర్ నుంచి బయల్దేరాక మొదట్లో గల్ఫ్ ఆఫ్ అలాస్కా దాటాలి, కాస్త ఊగుతుంది. మాత్రలు ఊగడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. బాబాయిగారి బీపీ మందులతో అవి పడతాయో లేదో డాక్టర్ని అడుగు.

ఊళ్ళలో జూనోకి ఎక్కువ సమయం ఉన్న దారి ఎంచుకో. అది రాష్ట్ర రాజధాని, అయినా బయటి నుంచి రోడ్డు లేదు, ఓడో విమానమో ఎక్కాల్సిందే. తిమింగలాలు చూడటం అక్కడే. చలికాలం హవాయిలో గడిపిన హంప్‌బ్యాక్‌లు ఎండాకాలం తిండికి ఇక్కడికి వస్తాయి. లోపల వెచ్చగా కూర్చునే చోటు ఉన్న చిన్న పడవ చూసుకో. మేం హెలికాప్టర్‌లో గ్లేసియర్ మీద దిగే టూర్ కూడా బుక్ చేశాం, పొగమంచని ఆ ఉదయం రద్దు చేశారు, డబ్బు వెనక్కిచ్చారు. అలాస్కాలో అది మామూలు. అందుకని ఒకే రోజు రెండు పెద్ద టూర్లు ఇరికించకు. స్కాగ్వేలో వైట్ పాస్ రైలు ఎక్కండి. 1898లో బంగారం కోసం జనం టన్ను సామాను మోసుకుని ఎక్కిన కొండల్లోంచి 2,865 అడుగులకి తీసుకెళ్తుంది, కూర్చునే చూడొచ్చు. కెచికన్‌లో వాన పడుతుంది. గొడుగుతో టోటెం స్తంభాలు (అక్కడి ఆదివాసులు చెక్కిన బొమ్మల చెక్క స్తంభాలు) చూసి రండి, చాలు.

బయటివాళ్ళ టూర్లు చవక, బాగుంటాయి కూడా. కానీ ఓడ వాళ్ళ టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా పోతే ఆగదు. జూనోలో బయటివి తీసుకో, ఓడ కదిలే టైముకి రెండు గంటల ముందు తిరిగొచ్చేలా. వాచీలో ఓడ టైమే పెట్టుకోండి, అలాస్కా సియాటిల్ కంటే గంట వెనక.

పిన్ని తిండి గురించి నాకు తెలుసు. బుక్ చేసేటప్పుడే శాకాహారం అని రాయించు. మొదటి రాత్రే డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌కి చెబితే, మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం వండి పెడతారు. మాకు రోజూ పెట్టారు. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు, రైస్ కుక్కరు, కెటిల్ అసలే వద్దు. సీలు విప్పని పచ్చడి ప్యాకెట్లు, కారప్పొడి మాకు ఇబ్బంది లేకుండా వెళ్ళాయి. బట్టలంటే పైన వాన తగలని జాకెట్, లోపల ఉన్ని స్వెటర్, దాని లోపల పల్చటిది. గ్లేసియర్ దగ్గర గాలి చెవుల్లోకి కొడుతుంది, బాబాయిగారి మంకీ క్యాప్ తప్పకుండా పెట్టమను. పాస్‌పోర్టులు, మందులు చేతిసంచిలోనే. పెద్ద సూట్‌కేసులు రేవులో తీసుకుంటే గదికి ఏ సాయంత్రానికో వస్తాయి. ఇంకొకటి, వాళ్ళిద్దరికీ తీసుకునే ఇన్సూరెన్స్‌లో ఓడ నుంచి ఆసుపత్రికి చేర్చే ఖర్చు ఉందో లేదో చదువు. ఓడలో డాక్టరు ఉంటాడు కానీ బిల్లు మన చేతికే వస్తుంది.

ఆదివారం ఉదయం ఫోన్ చెయ్యి, తేదీలు ముందు పెట్టుకుని గ్లేసియర్ బే వెళ్ళే ఓడలు ఇద్దరం కలిసి చూద్దాం. ఈలోపు పిన్నికి ఫోన్ చేసి వాళ్ళ పాస్‌పోర్టులు ఎప్పటి దాకా చెల్లుతాయో అడుగు. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
శ్రీను