లక్డీకాపూల్ నుంచి కోఠి దాకా ఒక వరుస బస్సుకు వదలండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఉత్తరాల శీర్షికలో ట్రాఫిక్ మీద వారానికి ఒక ఉత్తరమైనా చదువుతుంటాను. వాటిలో చాలావరకు కారు అద్దం వెనక కూర్చుని చూసిన రోడ్డే కనిపిస్తుంది. ఫుట్‌బోర్డు మీద నిలబడి చూసిన రోడ్డు గురించి నేను రాస్తాను. 1993లో కండక్టరుగా చేరి 2024లో పదవీ విరమణ చేశాను. ఆ సర్వీసులో సగానికి పైగా 218 నంబరు బస్సులోనే గడిచింది, పటాన్‌చెరు నుంచి కోఠికి, కోఠి నుంచి పటాన్‌చెరుకు.

చేరిన కొత్తలో ఆ దూరానికి గంటంబావు పట్టేది. మూడు రౌండ్లు తిరిగి, డిపోలో డబ్బు కట్టి, వేళకు ఇల్లు చేరేవాణ్ణి. చివరి ఏళ్లలో ఒకవైపు ప్రయాణానికే రెండు గంటలు. రౌండ్లు రెండుకు పడిపోయాయి. అదే బస్సు, అదే సిబ్బంది, డీజిలు మాత్రం ఇంకాస్త ఎక్కువ. అంటే ఒకప్పుడు రెండు బస్సులు చేసిన పనికి ఇప్పుడు మూడు కావాలి. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక నా ఆఖరి నెలలు జీరో టికెట్లు కొట్టడంతోనే సరిపోయాయి. అప్పటి నుంచి కొత్త బస్సులు కొనమని అందరూ అంటున్నారు. కొనవలసిందే. అయితే కొన్న బస్సు కూడా నాంపల్లిలో పాత బస్సు వెనకే వచ్చి నిలబడుతుంది. ఉన్న బస్సుకు పోయిన మూడో రౌండును తిరిగి ఇప్పిస్తే షోరూముకు వెళ్లకుండానే బస్సు కొన్నట్టు.

మా దారి మొత్తంలో ప్రాణం తీసేది చివరి నాలుగు కిలోమీటర్లు. మియాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేటల్లో ఆగుతూ సాగుతూ ఎలాగో లక్డీకాపూల్ చేరతాం. అక్కడి నుంచి అసెంబ్లీ, నాంపల్లి, అబిడ్స్ దాటి కోఠిలో బ్రేకు వేసేసరికి ముప్పై అయిదు నిమిషాలు. పొద్దున తొమ్మిదిన్నరకైతే నలభై. ఒకసారి నాంపల్లి దగ్గర సిగ్నల్ పడినప్పుడు ఊసుపోక లెక్కపెట్టాను. మా బస్సు ముందు 26 కార్లు ఉన్నాయి. వాటిలో నాకు కనిపించిన తలలు 37. నా బస్సులో ఆ పూట 70 మందికి తక్కువ లేరు. 37 మంది ముందు, 70 మంది వెనక. మనుషులను లెక్కపెట్టి దారి ఇవ్వాలని, బండ్లను లెక్కపెట్టి కాదని, 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానంలోనే ఉంది.

“గంట నుంచి ఒక్క బస్సు లేదు, ఇప్పుడేమో మూడు ఒకేసారి వచ్చాయి” అని ప్రయాణికులు మమ్మల్ని తిట్టని రోజు లేదు. దానికి కారణం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. జాములో ఇరుక్కుని ముందు బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే తరువాతి స్టాపులో మామూలు కంటే ఎక్కువ మంది పోగవుతారు. వాళ్లందరూ ఎక్కడానికి ఇంకాస్త ఆలస్యం. వెనక వచ్చే బస్సుకు ఎక్కేవాళ్లే ఉండరు, అది పరుగెత్తుకొచ్చి ముందు దాన్ని పట్టుకుంటుంది. రెంటినీ మూడోది పట్టుకుంటుంది. మొదటి దానిలో వేలాడుతుంటారు, మూడో దానిలో కునుకు తీస్తుంటారు. బయలుదేరేటప్పుడు మూడూ సమయానికే బయలుదేరాయి సార్.

అందుకని నేను అడిగేది చిన్నది. లక్డీకాపూల్ నుంచి కోఠి దాకా ఎడమ అంచున ఒక వరుస, మూడున్నర మీటర్లు, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు బస్సుకు వదలాలి. రంగు వేసి, కడ్డీలు పాతి, సిగ్నల్ దగ్గర బస్సుకు కొన్ని క్షణాలు ముందుగా పచ్చ లైటు ఇస్తే చాలు. అంబులెన్సు కూడా అందులోనే పోవచ్చు.

రోడ్డు మధ్యలో ఎందుకు వద్దు అంటే, ఈ దారిలో చాలా చోట్ల మధ్యలో మెట్రో స్తంభాలు నిలబడి ఉన్నాయి. అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా 2018లో రైలు నడవడం మొదలైంది, ఆ స్తంభాలను ఇప్పుడు ఎవరూ జరపలేరు. స్తంభాలు లేకపోయినా నేను మధ్యలో అడగను. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు అలాగే రోడ్డు మధ్యలో బస్సు దారి వేశారు, 2008లో. బస్సు ఎక్కాలన్నా దిగాలన్నా సగం రోడ్డు దాటాలి. కార్ల వాళ్లు గోల పెట్టారు, కోర్టుకెక్కారు. కోర్టు ఆ దారిని ఉంచమంది, అయినా 2016లో తీసేశారు. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైనది మాత్రం నడుస్తోంది. అక్కడ నాలుగైదు కిలోమీటర్లతో ఆపకుండా దారికి దారి కలుపుతూ పోయారు. మన దగ్గర ఎత్తి చూపించడానికి విశాఖలో పెందుర్తి, సింహాచలం మార్గాలు ఉన్నాయి. వాటి గురించి అక్కడివాళ్లే రాస్తే బాగుంటుంది.

ఎడమ వరుస అనగానే అడ్డం పడేది పార్కింగ్. ఇప్పుడు ఆ వరుసలో నిలిపిన కార్లు, ఎదురు చూస్తున్న ఆటోలు ఉంటాయి కాబట్టి మేము బస్సును అంచుకు తేలేం, రోడ్డు మధ్యలోనే ఆపుతాం. దిగేవాళ్లకూ ఫుట్‌పాత్‌కూ మధ్యలో స్కూటర్లు దూసుకొస్తుంటాయి. “ఎడమవైపు చూసుకుని దిగండమ్మా” అని ఎన్ని వేలసార్లు అరిచానో. ఒకసారి అరవడం ఆలస్యమైంది. పువ్వుల బుట్టతో దిగుతున్న ఒక పెద్దావిడను స్కూటరు తాకింది. కాలు బెణికింది, అంతకంటే ఏమీ కాలేదు. బంతిపూలు రోడ్డంతా పడ్డాయి. వాటిని ఏరడానికి నేనూ, మా డ్రైవరూ, ఇద్దరు కాలేజీ పిల్లలూ దిగాం. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి.

కార్లు నిలపనివ్వకపోతే వ్యాపారం పోతుందని దుకాణదారులు అంటారు. కోఠిలో, అబిడ్స్‌లో బేరానికి వచ్చేవాళ్లలో ఎంతమందిని నేను నా చేతులతో దించానో వాళ్లకు తెలియదు. పుస్తకాలకు, రేడియో సామానుకు, పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు సంచులతో నా బస్సులోనే తిరిగి ఎక్కేవారు.

ఇక నడక. బస్సు ఎక్కే ప్రతి మనిషీ రెండు కొసల్లోనూ నడుస్తాడు, కాబట్టి ఫుట్‌పాత్ లేని బస్సు వరుస సగం పనే. విరమణ తరువాత ఖాళీగా ఉండలేక, మా ఇంటావిడ బట్టలు కుట్టే టేపు తీసుకుని ఒక ఆదివారం పొద్దున నాంపల్లి నుంచి కోఠి దాకా కొలుచుకుంటూ నడిచాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల ప్రకారం ఏ అడ్డూ లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. నేను కొలిచిన ఒకచోట అంచు 34 సెంటీమీటర్లు. మా ఇంటావిడ మోకాళ్లతో అది ఎక్కడం జరగని పని, ఆమె రోడ్డు మీదే నడుస్తుంది. ఇంకోచోట వెడల్పు రెండు మీటర్లు ఉంది, సంతోషించేలోపు ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, దాని పక్కన మిగిలింది 40 సెంటీమీటర్లు. ఆ తరువాత ఒక పెద్ద దుకాణం ర్యాంపు, దాని తరువాత తెరిచిన మ్యాన్‌హోల్ మీద చెట్టుకొమ్మ. ఆ కొమ్మ గుచ్చిన పుణ్యాత్ముడు ఎవరో గాని, ఆ దారిలో పాదచారి గురించి ఆలోచించిన వాడు అతడొక్కడే అనిపించింది.

అడ్డు అనగానే చాయ్ బండివాణ్ణీ, జామకాయల బండినీ తరిమేస్తారు. నేను వాళ్ల మాట అనడం లేదు. వీధి వర్తకులకు 2014 నుంచి చట్టం ఉంది, చోటు చూపి గీత గీస్తే ఆ గీతలోనే ఉంటారు. ట్రాన్స్‌ఫార్మరుకు గీత గీసేవాడు కావాలి. ఆటంకం లేని ఫుట్‌పాత్ బతికే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. ఉప్పల్‌లో 660 మీటర్ల స్కైవాక్ కట్టారు. అంత పెద్ద చౌరస్తాలో అది అవసరమే కావచ్చు, కానీ ప్రతిచోటా నడిచేవాణ్ణే మెట్లెక్కించి కారును నేల మీద పోనిస్తే ఎలా?

సైకిల్ గురించి మాత్రం నాకు అనుమానం ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023లో వేశారు, పైన సౌర పలకల నీడ. ఆదివారం అక్కడికి కారులో సైకిల్ పెట్టుకుని వెళ్లేవాళ్లను చూశాను. నేను ఇరవై ఏళ్లు తెల్లవారుజామున మూడున్నరకు చందానగర్ నుంచి డిపోకు సైకిల్ తొక్కాను. పాలవాళ్లు, పేపరు పిల్లలు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్లు నాకు తోడు. వాళ్లకు దారి కావలసింది మియాపూర్–అమీర్‌పేట రోడ్డు మీద, అక్కడ వెడల్పూ ఉంది. అబిడ్స్‌లో బస్సు వరుసలోనే సైకిల్‌నూ పోనిద్దామని కొందరు అంటారు. బస్సు వెడల్పే రెండున్నర మీటర్లు, పక్కన మిగిలేది ఒక్క మీటరు. సైకిల్ వెనక నెమ్మదిగా రావడానికి మా డ్రైవర్లు ఒప్పుకుంటారా? ఒక ట్రిప్పు ఇంతలో ముగించాలని కాగితం మీద రాసిచ్చే రన్నింగ్ టైము వాళ్లను పరుగెత్తిస్తున్నంత కాలం ఒప్పుకోరు. ముందు ఆ టైము సడలించాలి, ఆ తరువాతే సైకిల్‌ను లోపలికి రానివ్వాలి. అంతవరకు కోఠి బస్టాపు దగ్గర తాళం వేసి పెట్టుకునే స్టాండు ఒకటి కట్టినా మేలే.

నేను కొలిచిన 61 చోట్ల వెడల్పులు, ఎత్తులు రూళ్ల కాగితం మీద వరుసగా రాసి పెట్టాను. ఈ రోడ్డుకు మళ్లీ తారు వేసే లోపు ఎవరైనా ఇంజినీరు అడిగితే జిరాక్సు తీసి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత బస్సు కండక్టరు,
చందానగర్, హైదరాబాద్.