చప్పాణి కాలు కోసేశారు

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో, భారతీరాజా తీసిన తమిళ సినిమా '16 వయదినిలే' మీద మీరు వేసిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు సవరించకపోతారా అని రెండు ఆదివారాలు ఓపిక పట్టాను. వచ్చిన సవరణ ఒక్కటే, అదీ గళ్ళనుడికట్టులో అంకె తప్పుపడిందని.

ముందు చిన్న తప్పులు. ఆ సినిమా తీసింది మదురై పక్క పల్లెలో కాదు, కర్ణాటకలోని కొళ్ళేగాల వైపు. భారతీరాజాది తేని ప్రాంతం కనుక సినిమా కూడా అక్కడే తీసి ఉంటారని మీ రచయిత ఊహించుకున్నట్టున్నారు. జానకిగారికి జాతీయ అవార్డు తెచ్చిన పాట 'సిరిమల్లె పువ్వా' కాదు, 1977 నాటి తమిళ మూలంలోని 'సెందూరప్పూవే'. ఇళయరాజా సంగీతం, గంగై అమరన్ సాహిత్యం. 'సిరిమల్లె పువ్వా' ఆ మరుసటి ఏడాది అదే కథతో తెలుగులో వచ్చిన రాఘవేంద్రరావుగారి 'పదహారేళ్ళ వయసు' కోసం వేటూరి రాసి, చక్రవర్తి బాణీ కట్టిన పాట. రెండూ పాడింది జానకిగారే, రెండింటా తెరమీద ఉన్నది శ్రీదేవే కాబట్టి రెండూ ఒకటే అయిపోయాయి కాబోలు.

ఇక పెద్ద తప్పు. నెట్‌లో ఎవరో పెట్టిన '4కె' ప్రతిని పట్టుకుని పునరుద్ధరణ, పునరుద్ధరణ అని పేజీ అంతా మురిసిపోయారు. అది పునరుద్ధరించింది కాదు, పాత వీడియోను సాగదీసింది. డీవీడీలో ఒక ఫ్రేముకు అడ్డంగా 720, నిలువునా 576 చుక్కలు. గుణిస్తే 4,14,720. టీవీల్లో 4కె అంటే 3840 బై 2160, మొత్తం 82,94,400. సరిగ్గా ఇరవై రెట్లు. పాత వీడియో నుంచి పెంచిన బొమ్మలో ప్రతి ఇరవై చుక్కలకూ ఒక్కటే సినిమాది, తక్కిన పందొమ్మిదీ కంప్యూటరు కల్పన. శ్రీదేవికి తల్లిగా వేసిన గాంధీమతిగారి ముఖం చూడండి. ఎండకు కమిలిన చర్మం, ముడతలు, చెమట అన్నీ మాయమై మైనం బొమ్మలా నున్నగా తేలింది. కూతుర్ని ఒంటిచేత్తో పెంచిన పల్లెటూరి తల్లికి ఖర్చు లేకుండా బ్యూటీపార్లరు పని జరిగిపోయింది.

అంతకన్నా ఘోరం కోత. ఆ రోజుల మామూలు 35 ఎంఎం ఫ్రేములో ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. ఇప్పటి టీవీ తెరకు వెడల్పు 1.78. బొమ్మకు అటూ ఇటూ నల్లపట్టీలు వదిలేస్తే సరిపోయేది. ఆ పట్టీలు చూస్తే జనం అలుగుతారనుకున్నారేమో, పైనా కిందా కోసి తెర నింపారు. లెక్క వేస్తే పోయింది ఎత్తులో 23 శాతం. ఏ సినిమాకైనా అది నష్టమే గానీ, ఈ సినిమాలో కమల్‌హాసన్ వేసింది చప్పాణి పాత్ర. గోచీ పెట్టుకుని కాలీడ్చుకుంటూ తిరిగే మనిషి. ఆ నటనలో సగం మోకాళ్ళ కిందే ఉంది. మనిషి నిలువెత్తునా కనిపించాల్సిన షాట్లలో పాదాలు తెర కిందకు పోయాయి. ఇక కొత్తగా చూసే కుర్రాడికి ఇతను ఎందుకలా ఊగుతున్నాడో, రజనీకాంత్ వేసిన పరట్టై ఇతన్ని చూసి ఎందుకు వెకిలిగా నవ్వుతున్నాడో ఏం తెలుస్తుంది? ఇంతా చేసి మీరు ఆ బొమ్మ కింద పెట్టిన వ్యాఖ్య 'నిండు తెరపై నిండైన పల్లె' అని!

వేగం సంగతి మీ రచయిత చెవికి ఆనలేదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పాత వీడియో పద్ధతిలో 25. ఆ ఒక్క ఫ్రేము తేడాతో రెండుంపావు గంటల సినిమా ఐదు నిమిషాల పైచిలుకు ముందే అయిపోతుంది. అది పోతే పోనీ అనుకుందాం. శబ్దం కూడా నాలుగు శాతం వేగంగా తిరుగుతుంది కదా, ఒకటి శ్రుతిలో ఉన్న పాట పైకెక్కి ఒకటిన్నరకు దగ్గరపడుతుంది. జానకిగారి గొంతుకు సన్నదనం అరువివ్వాల్సినంత కరువేమీ లేదు. వేగం వెనక్కి తగ్గించడం అరగంట పని. చేసేవాడికి అది తెలియాలి, మెచ్చుకునేవాడికి వినపడాలి.

'సెందూరప్పూవే' పాటలోనే శ్రీదేవి నెమ్మదిగా తేలుతూ పరిగెత్తే చోటు ఉంది. స్లోమోషన్ తీసే కెమెరాకు డబ్బు చాలక ఆ అమ్మాయినే నెమ్మదిగా పరిగెత్తమన్నారని సినిమావాళ్ళు చెప్పుకుంటారు. డబ్బు లేనితనాన్ని ఒడుపుగా దాటేసిన ఆ చోటికి ఇప్పుడు ఫ్రేములను సెకనుకు 60 చేసే సాఫ్ట్‌వేర్ తగిలించారు. లేని ఫ్రేముల్ని అది పుట్టిస్తుంది. చెయ్యి ఊపితే వేళ్ళు పోయి వెనకాల ఆకుల్లో కరుగుతున్నాయి.

రంగుల దగ్గరికొస్తే, ఛాయాగ్రాహకుడు పి.ఎస్.నివాస్ పేరు ఆ వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు. మన 'సాగరసంగమం'కు కెమెరా పట్టింది కూడా ఆయనే. తమిళ సినిమా పల్లె అంటే స్టూడియోలో వేసిన గుడిసె సెట్టు అన్న రోజుల్లో ఆరుబయట ఎండలో నిలబడి తీసిన పని అది. ఆ కాలపు రంగు ప్రింట్లలో పసుపు, మెజెంటా (ముదురు గులాబీ), సయాన్ (నీలిపచ్చ) అని మూడు పొరలుంటాయి. డబ్బాలో చీకట్లో పడి ఉన్నా సరే, ముందు వెలిసిపోయేది సయాన్. ఆకుపచ్చ రావాలంటే పసుపూ సయానూ కలవాలి. సయాన్ పోతే చేలు ఎండుగడ్డి రంగుకూ, మనుషులు ఇటుక రంగుకూ తిరుగుతారు. ఇది సరిచేయాలంటే నెగటివు పక్కన పెట్టుకుని షాటు షాటుకూ కూర్చోవాలి. మొత్తం సినిమాకు ఒకే మీట నొక్కి పచ్చ పెంచితే ఏమవుతుందో మీరు మెచ్చుకున్న ప్రతిలోనే ఉంది. ఆకులకు పచ్చ రాలేదు గానీ తెల్ల పంచెలకు నాచు పట్టింది.

పల్లె సినిమాలకు ఇంకో గండం కూడా ఉంది. మురికి తుడిచే సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది ఒకటే: ముందు ఫ్రేములోనూ వెనక ఫ్రేములోనూ లేకుండా నడుమ ఒక్కదాంట్లో కనిపించిన చుక్క మరక. ధాన్యం తూర్పారబడితే లేచే పొట్టు, వాన చినుకు, గేదె మీద ముసిరే ఈగ, దూరాన పోయే పిట్ట, దాని లెక్కలో అన్నీ మరకలే. ఎవరో ఒకరు కూర్చుని 'ఇది పొట్టు, ఉంచు. ఇది దుమ్ము, తీసెయ్' అని చూసుకోవాలి. శబ్దంలోనూ అంతే. బుసబుస పోవాలని నొక్కితే దాంతోపాటు కీచురాయీ, కాలిపట్టీ చప్పుడూ పోతాయి.

అసలు పని ఎలా ఉంటుందో మీ వ్యాసం రాసినవారి కోసం క్లుప్తంగా. ముందు కెమెరా నెగటివు ఎక్కడుందో వెతకాలి. అది లేకపోతే దాన్నుంచి తీసిన ఇంటర్‌పాజిటివు, అదీ లేకపోతే ఉన్నంతలో మంచి ప్రింటు. రెండుంపావు గంటల సినిమా అంటే నిమిషానికి 90 అడుగుల చొప్పున 12,150 అడుగులు, 1,94,400 ఫ్రేములు. బల్ల మీద చేత్తో తిప్పుతూ అతుకులు ఊడిన చోట అతకాలి, చిరిగిన అంచు రంధ్రాలు బాగుచేయాలి. ఆ తర్వాత కడగాలి. గీతలుంటే ద్రవంలో తడుపుతూ స్కాన్ చేయాలి. అప్పుడు గీతల్లో ద్రవం నిండి చాలావరకు కనబడకుండా పోతాయి. రంగూ శబ్దమూ ఆ తర్వాతి మాట. డబ్బా మూత తీయగానే పులిసిన వెనిగర్ వాసన కొట్టిందంటే అసిటేట్ ఫిల్ము కుళ్ళడం మొదలైందన్నమాట. ఆ ఆమ్లం తనను తానే పెంచుకుంటుంది, పక్క డబ్బాలకూ అంటిస్తుంది. ఫిల్ము ఒక్క శాతం ముడుచుకుపోయినా ప్రొజెక్టరు పళ్ళకు రంధ్రాలు కుదరవు. మద్రాసు ఉక్క, మన ఎండలు దానికి పాలూ నీళ్ళూ. రంగు నెగటివును ఐదు డిగ్రీల లోపు చలిలో, 30 నుంచి 40 శాతం తేమలో ఉంచాలి. అంటే ఊళ్ళో టమాటాలకూ మిరపకాయలకూ దొరికే శీతల గిడ్డంగి పాటి సౌకర్యం కూడా మన సినిమాలకు దొరకట్లేదు.

ఎలా దొరుకుతుంది? పుస్తకం అచ్చేస్తే జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలని 1954 నుంచి చట్టం ఉంది. సినిమాకు సెన్సారు సర్టిఫికెట్టు చేతికొచ్చాక నెగటివు నిర్మాత అటక మీద ఉన్నా, ల్యాబు వాళ్ళు అద్దె బాకీ కింద జప్తు చేసినా అడిగే నాథుడు లేడు. పుణెలో ఫిల్మ్ ఆర్కైవు 1964లో పెట్టారు, ఇప్పుడు దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'కు గానీ, తమిళుల 'కాళిదాస్'కు గానీ ఒక్క ప్రింటు మిగల్లేదు. అయినా మన రెండు తెలుగు ప్రభుత్వాల్లో ఏదీ సినిమా నెగటివుల కోసం చల్లటి గది కట్టిందని ఇంతవరకూ వినలేదు. టికెట్ల ధరకు జీవోలు వస్తాయి, బెనిఫిట్ షోలకు జీవోలు వస్తాయి, అవార్డులకు ఏ పేరు పెట్టాలో తేల్చడానికి కమిటీలు కూర్చుంటాయి. మన 'పదహారేళ్ళ వయసు' నెగటివు ఏ స్థితిలో ఉందో ఒక అధికారి నోటి వెంట రావడం మాత్రం ఎన్నడూ చూడం. సినిమాటోగ్రఫీ శాఖకు సినిమా అంటే ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించే చోటు.

పత్రికలైనా అడుగుతాయా అంటే అదీ లేదు. ఒకప్పుడు మీ సినిమా పేజీలో రాసేవారు ల్యాబుకు వెళ్ళి రీళ్ళు చూసి వచ్చి రాసేవారు. ఇప్పుడు ఎవరో పంపిన ప్రకటన పేరాలు పేరాలుగా దిగిపోతోంది. మళ్ళీ ఇలాంటిది వేసేముందు దయచేసి ఒక్క ఫోను చేసి, దేని నుంచి స్కాన్ చేశారు, నెగటివా ప్రింటా వీడియో టేపా అని అడగండి. అవతలివాడు నీళ్ళు నమిలితే ఆ వ్యాసం ఆపేయండి. కొళ్ళేగాల, 'సెందూరప్పూవే', నివాస్‌గారి పేరు, ఈ మూడు సవరణలూ వచ్చే ఆదివారమే వేయండి.

గళ్ళనుడికట్టుకు మీరు వేసిన సవరణ కూడా తప్పే. అది అడ్డం 14 కాదు, నిలువు 14.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి