మూడు రాత్రులు, ఒక్క ధ్వని

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. సింథసైజర్లో (విద్యుత్ సంకేతాలతో ధ్వని పుట్టించే వాద్యం) ముందే తయారై వచ్చే ధ్వనులు, అంటే ప్రీసెట్లు, వేలల్లో చేతిలో ఉండగా ఒక్క ధ్వని కోసం మూడు రాత్రులు కూర్చోవడం దేనికని అడిగావు కనుక తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

శాంపిళ్లంటే, అంటే నిజమైన వాద్యాల నుంచి రికార్డు చేసి పెట్టిన స్వరాలంటే, నాకు చిన్నచూపు లేదు. వయొలిన్ల బృందం కావాలంటే ఇప్పటికీ వాటినే వాడతాను. అయితే శాంపిల్లోని ప్రతి స్వరమూ ఎవరో ఒకనాడు ఒక తీరున పలికించి ముగించినది. మొన్న నా బాణీలో ఒకే స్వరం ఎనిమిదిసార్లు వరుసగా రావాల్సి వచ్చింది. నేను ఎంచుకున్న వయొలిన్‌లో ఒక్కో స్వరానికి నాలుగే రికార్డింగులు వంతులవారీగా మోగుతాయి కాబట్టి, ఐదోసారికి మొదటిదే, కమాను తీగను గీరిన చిన్న చప్పుడుతో సహా, తిరిగి వచ్చింది. అది చెవిన పడ్డాక నాకు బాణీ వినిపించడమే మానేసింది.

అప్పుడు శాంపిళ్లు వదిలి, సింథసైజర్ పుట్టించే రంపపు పళ్ల ఆకారపు సాటూత్ తరంగంతో మొదలుపెట్టాను. అందులో హార్మోనిక్స్ (మూల స్వరానికి రెండింతలు, మూడింతలు, ఇలా పెరిగే పౌనఃపున్యాలు) అన్నీ ఉంటాయి కనుక, పై పౌనఃపున్యాలను తగ్గించే లో-పాస్ ఫిల్టర్‌తో అక్కర్లేనివి తగ్గించుకుంటూ పోవచ్చు. ఆ తగ్గింపు మొదలయ్యే హద్దును, అంటే కటాఫ్‌ను, కీ నొక్కే బలానికి ముడిపెట్టేసరికి, మెల్లగా నొక్కితే మసకగా, గట్టిగా నొక్కితే విచ్చుకుని పలికింది. రెండో రాత్రి అటాక్‌ను, అంటే స్వరం పూర్తి బలానికి చేరే సమయాన్ని, 40 మిల్లీసెకన్లకు పెంచితే స్వరాల అంచులు మెత్తబడి, వేగంగా సాగే చోట స్పష్టత పోయింది. దాంతో బాణీనే నెమ్మది చేశాను, అది ఇంకా బాగుంది. ప్రీసెట్ వల్లా బాణీ మారవచ్చు, కాని అది కుదరనప్పుడు ముడి ఎక్కడుందో మనకు తెలియదు.

1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్ వచ్చినప్పుడు, ఆరు ఆపరేటర్ల (తరంగాన్ని పుట్టించే భాగాల) ఎఫ్ఎం పద్ధతిని, అంటే ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని మార్చి ధ్వని పుట్టించే పద్ధతిని, చిన్న తెరపై ఒక్కొక్క అంకెగా దిద్దుకోవడం కష్టమై, చాలామంది దానితో వచ్చిన ధ్వనులతోనే సరిపెట్టుకున్నారు. ఆ దశాబ్దపు పాటల్లో అదే ఎలక్ట్రిక్ పియానో అన్నిసార్లు వినిపించడానికి కారణమిదే. నాకు దారి చూపింది మాత్రం 1987 నాటి రోలాండ్ డీ-50 సింథసైజర్. మెమరీ ఖరీదైన ఆ రోజుల్లో అది వాద్యపు తొలి తాకిడిని మాత్రం శాంపిల్‌గా ఉంచి, తరువాతి నాదాన్ని సింథసైజర్‌తో పుట్టించింది. వాద్యాన్ని గుర్తుపట్టడానికి చెవి ఎక్కువగా ఆ తొలి క్షణం మీదే ఆధారపడుతుంది. అందుకే మూడో రాత్రి, పియానో సుత్తి తీగను తాకే చప్పుడును మాత్రం కత్తిరించి, నా తరంగానికి ముందు చాలా సన్నగా అతికించాను. మెత్తబడిన అంచుకు కావలసిన పదును వచ్చింది.

ఫైలు పంపుతున్నాను. కటాఫ్‌ను మాడ్ వీల్‌కు (కీబోర్డు మీద వేలితో తిప్పే చక్రానికి) కూడా కలిపి ఉంచాను; ఆ ఎనిమిది స్వరాల దగ్గర దాన్ని నెమ్మదిగా పైకి జరుపుతూ విని, నీ వేలు ఎక్కడ ఆగిందో తప్పక రాయి.

నీ
మిత్రుడు