పిండి కట్టే చోట కోతెందుకు?

చిట్టితల్లీ,

నిన్న రాత్రి నువ్వడిగిన ప్రశ్న నాకెంత నచ్చిందో! "పిండిపదార్థం తయారయ్యే చోట దాన్ని కోసే ఎంజైమ్‌కి ఏం పనమ్మా?" అన్నావు. ఫోన్లో చెబితే సగమే అందుతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

పాలు పోసుకునే దశలో వరిగింజని గోటితో నొక్కితే తెల్లటి పాలు వస్తాయి కదా, ఆ తెలుపు పిండి రేణువులదే. ఆకుల నుంచి గింజకి చేరేది మాత్రం సుక్రోజ్, అంటే చక్కెర. గింజ దాన్ని విడగొట్టి, గ్లూకోజ్ ఫాస్ఫేట్‌గా మార్చి, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి ఏడీపీ గ్లూకోజ్, అంటే ఏడీపీ అనే అణువు తగిలిన గ్లూకోజ్, చేసుకుంటుంది. ఈ మెట్టు దగ్గర కాస్త ఆగు. గ్లూకోజ్‌లు వాటంతటవి గొలుసుగా అతుక్కోవు, అతకడానికి కావలసిన శక్తిని ముందే ఎక్కించాలి. ఏడీపీ తగిలించేది అందుకే. ఇలాంటి చక్కెర న్యూక్లియోటైడ్‌లని, వాటి పనిని బయటపెట్టినందుకే అర్జెంటీనా శాస్త్రవేత్త లూయిస్ లెలోయిర్‌కి 1970లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

తర్వాత పిండి గొలుసు కట్టే ఎంజైమ్‌లు, స్టార్చ్ సింథేజ్‌ల వంతు. గొలుసు కొసన ఒక గ్లూకోజ్‌ని వరసగా సాగే ఆల్ఫా 1,4 బంధంతో చేర్చి ఏడీపీని వదిలేస్తాయి, మళ్ళీ ఇంకోటి చేరుస్తాయి. కొమ్మలు పెద్దగా లేకుండా ఇలా సాగినది అమైలోజ్. దాన్ని కట్టడానికి పిండి రేణువునే అంటిపెట్టుకుని ఉండే సింథేజ్ ఒకటి ప్రత్యేకంగా ఉంది.

అసలు అందమంతా కొమ్మలున్న పిండి, అంటే అమైలోపెక్టిన్‌లో ఉంది. బ్రాంచింగ్ ఎంజైమ్ కొమ్మని కొత్తగా పుట్టించదు. ఉన్న గొలుసులోంచే ఒక ముక్క కోసి, ఆల్ఫా 1,6 బంధంతో పక్కన అతికిస్తుంది. ఒక కొస ఉన్నచోట ఇప్పుడు రెండు, రెండూ పెరుగుతాయి. అలా కొమ్మలు గుత్తులు గుత్తులుగా వస్తాయి. పక్కపక్క కొమ్మలు రెండేసి మెలేసుకుని, ఆ మెలికలు వరసగా సర్దుకుంటేనే చన్నీళ్ళలో కరగని గట్టి రేణువు తయారవుతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వద్దాం. కొన్ని కొమ్మలు సర్దుబాటుకి అడ్డొచ్చే చోట పడతాయి. పన కట్టేటప్పుడు అడ్డం పడిన పరకలు తీసేస్తే గానీ కట్టు బిగియదు చూడు, అలాగే నువ్వడిగిన కోత ఎంజైమ్, ఐసోఅమైలేజ్, ఆ కొమ్మల్ని కోసి పారేస్తుంది. అది లేకపోతే ఏమవుతుందో మొక్కజొన్న చెబుతుంది. ఈ ఎంజైమ్ పాడైన రకంలో రేణువులకి బదులు ఫైటోగ్లైకోజెన్ అనే నీళ్ళలో కరిగే పదార్థం చేరుతుంది, చక్కెర కూడా మిగిలిపోతుంది, ఎండిన గింజ ముడతలు పడుతుంది. పాతకాలపు స్వీట్ కార్న్ అదే! ఇప్పటి సూపర్ స్వీట్ రకాలు చాలావాటిలో పాడైంది ఇంకాస్త ముందు మెట్టు, ఏడీపీ గ్లూకోజ్ చేసే ఎంజైమ్. ఇంత సంగతిని పాఠ్యపుస్తకాలు "గ్లూకోజ్ పాలిమర్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నువ్వు చదివేది వ్యవసాయం కాబట్టి ఇంకొకటి చెప్పాలి. గింజ పాలు పోసుకునేటప్పుడు ఎండలు ముదిరితే ఈ ఎంజైమ్‌ల పని దెబ్బతింటుంది. రేణువులు వదులుగా పేరుకుని, సందుల్లో గాలి చేరి, గింజలో తెల్లటి మచ్చ కనిపిస్తుంది. అలాంటి గింజ మిల్లులో ఇట్టే విరుగుతుంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, ఆలస్యమైన ఏడు నూక ఎక్కువ పడుతోందని రైతుకి ధర తగ్గిస్తారే, ఆ నూకకి ఇదీ ఒక కారణం. ముందు ముందు నువ్వు ఏ రకం మీద పనిచేసినా ఈ సంగతి మనసులో పెట్టుకో తల్లీ.

మీ హాస్టల్లో అస్సాం పిల్లలు ఎవరైనా ఉంటే బోరా బియ్యం గుప్పెడు అడుగు. అవి జిగురు బియ్యం, అమైలోజ్ కట్టే సింథేజ్ వాటిలో సరిగా పనిచేయదు. మన సాంబ మసూరిలో పిండి దాదాపు నాలుగో వంతు అమైలోజే, అన్నం పొడిపొడిగా రావడానికి అదే ముఖ్యం. రెండింటినీ విడివిడిగా నూరి, ఉడికించి, చల్లారాక చెరో చుక్క పలచని అయొడిన్ వెయ్యి. సాంబ మసూరిలో అమైలోజ్ చుట్టల మధ్య అయొడిన్ దూరి ముదురు నీలం వస్తుంది. బోరా మాత్రం ఎర్రగోధుమ రంగు తిరుగుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపు, మా ఇంటర్ పిల్లలకి చూపిస్తాను.

ప్రేమతో,
అమ్మ