ఆటలమ్మ, నా నుదుటి మచ్చ, పాపం ఆ ఉయ్యాల

ఒసే బుజ్జీ,

ఫోన్ ఎత్తలేదని అలిగావని తెలుసు. మూడు రోజులు మా అమ్మదీ వదినదీ తప్ప ఎవరి ఫోనూ ఎత్తలేదు. మొత్తం చదివి అప్పుడు తిట్టు.

శివరాత్రికి మా వదినావాళ్ళు తణుకు నుంచి వచ్చారు. వాళ్ళ బుడ్డోడికి ఆరేళ్ళు, నా పొట్ట అంటే వాడికి పెద్ద ఆట. ఆదివారం మధ్యాహ్నం నా ఒళ్ళో పడుకుని, పొట్టకి చెవి ఆనించి "అత్తా, పాప నిద్రపోతోందా, టీవీ చూస్తోందా?" అని అడుగుతూ అలాగే నిద్రపోయాడు. ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలింది. ఎండలో తిరిగాడు కదా అనుకున్నా. ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు. సోమవారం రాత్రి వదిన ఫోన్: "ఏమనుకోకమ్మా, వీడికి అమ్మవారు పోసింది. పొద్దున వీపు మీద రెండే పొక్కులు, ఇప్పుడు ఒళ్ళంతా నీటి పొక్కులే."

నాకప్పుడు పదిహేడో వారం.

"ఆటలమ్మ జబ్బు వాడికి..." అని నేనేదో అనబోతే, "జబ్బు అనకూడదు" అని అత్తయ్య ముందు నాచేత చెంపలేయించారు. తర్వాత ఆవిడే పూజగదిలోకి వెళ్ళి అరగంట బయటికి రాలేదు. వదిన గుమ్మానికి వేపమండలు కట్టేసిందట. మన ఊళ్ళో గుర్తుందా, వేపమండ కట్టిన ఇంటి మెట్టు కడుపుతో ఉన్నవాళ్ళని ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. పెద్దవాళ్ళు పెట్టుకున్న మంచి ఏర్పాటే అది. కానీ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుందట. అంటే వాడు నా ఒళ్ళో పడుకున్న పూటే. వేపమండ ఏం చేస్తుంది చెప్పు, పాపం!

మంగళవారం పొద్దున్నే హాస్పిటల్‌కి పరుగెత్తాం. టోకెన్ తీసుకుని, పొట్టలతో ఉన్న పదిహేను మంది మధ్యలో కూర్చుని, పక్కావిడకి నా కథంతా చెప్తున్నా. నర్సు విని గబగబా వచ్చి నన్ను విడిగా గదిలో కూర్చోబెట్టింది. డాక్టరమ్మ "బాబు మీ ఒళ్ళో పడుకుని రెండు రోజులే అయింది, మీ నుంచి ఇంకా ఎవరికీ అంటదు కాబట్టి ఫర్వాలేదు. ఇలాంటివి ఉంటే ముందు ఫోన్ చేసి రావాలి, ఇక్కడున్న వాళ్ళందరూ గర్భిణులే కదా" అన్నారు. సిగ్గేసింది.

తర్వాత ఒకటే ప్రశ్న: "చిన్నప్పుడు మీకు ఆటలమ్మ వచ్చిందా?" ఒకసారి వచ్చి ఉంటే మళ్ళీ రావడం చాలా అరుదట. రాకపోతే మాత్రం, ఒకే గదిలో పావుగంట ఉన్నా అంటుకోవచ్చు. 13 నుంచి 20 వారాల మధ్య తల్లికి వస్తే నూటికి ఇద్దరు పిల్లల్లో చర్మం మీద మచ్చలు, కళ్ళలో లోపం, కాలో చెయ్యో సరిగ్గా ఎదగకపోవడం ఉండొచ్చట. నూటికి ఇద్దరంటే తక్కువే. మనదాకా వస్తే తక్కువని అనిపించదే! తల్లికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరే ప్రమాదం కూడా ఉందని చెప్పారు. కాన్పుకి ఐదు రోజుల ముందు నుంచి తర్వాత రెండు రోజుల లోపు తల్లికి పొక్కులొస్తే పసిబిడ్డకి మరీ కష్టమట.

అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేశా. "నీకెక్కడ వచ్చిందే? అక్కకి వచ్చింది. నీకు అంటకూడదని నిన్ను అమ్మమ్మ దగ్గరికి పంపేశాం" అంది. నా కాళ్ళు చల్లబడ్డాయి. ఆటలమ్మని తట్టుకునే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నాయో లేదో చూసే ఐజీజీ అనే పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చా. నాకు రక్షణ లేదని తేలితే ఆ యాంటీబాడీలనే బయటి నుంచి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి, అదీ పది రోజుల లోపు. ఖరీదెక్కువ, ఎక్కడ పడితే అక్కడ దొరకదు. మా ఆయన ఆ రాత్రే ఫోన్‌లో మందుల షాపులు వెతకడం మొదలుపెట్టాడు. నేను క్యాలెండర్‌లో 21 రోజులు లెక్కపెట్టి గీత గీశా. పొక్కులు బయటపడితే అప్పటికే పడాలట.

గురువారం రిపోర్టు. పాజిటివ్. ఆ మాట చూడగానే ఏడ్చేశా, కరోనా రోజుల నుంచి ఆ మాట అంటేనే భయం కదా. డాక్టరమ్మ నవ్వి, "పాజిటివ్ అంటే మీకు ఎప్పుడో వచ్చి పోయిందని. ఇంత త్వరగా తీసిన రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయంటే ఇవి పాతవే. ఇంటికెళ్ళి భోంచేసి పడుకోండి" అన్నారు.

మరి నాకు ఎప్పుడొచ్చినట్టు? చెప్తానుండు, ముందు నీ సంగతి.

ఉగాది తర్వాత పిల్లల కోసం అనుకుంటున్నాం అన్నావుగా. ఈ వారమే మీ అమ్మని అడుగు, ఆవిడ మాట మీద ఆగకుండా పరీక్ష కూడా చేయించుకో. రక్షణ లేకపోతే టీకా ఉంది, రెండు డోసులు. అది బతికున్న వైరస్‌ని నీరసింపజేసి చేసేది, కడుపులో బిడ్డ ఉండగా వేయరు. వేయించుకున్నాక కనీసం ఒక నెల ఆగాలి. రుబెల్లా టీకా సంగతీ అంతే. రుబెల్లా అంటే మూడు రోజుల తట్టు, పెద్దవాళ్ళకి వచ్చి పోయినట్టు కూడా తెలియదు. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కళ్ళ డాక్టర్, శుక్లాలతో పుట్టిన పసిపిల్లలు వరసగా వస్తుంటే తల్లుల్ని ఆరా తీశాడట. ఎక్కువ మందికి గర్భం మొదట్లో ఆ తట్టు వచ్చి ఉంది. అప్పటిదాకా దాన్నెవరూ లెక్కచేయలేదు. మన దగ్గర పిల్లలకి తట్టు, రుబెల్లా రెండిటికీ కలిపి వేసే ఎంఆర్ టీకా పెద్ద ఎత్తున వేయడం 2017లోగానీ మొదలవలేదు, నువ్వూ నేనూ ఆ లెక్కలోకి రాము. అలాగని గర్భంతో అన్ని టీకాలూ కూడదని కాదు. ధనుర్వాతానిది నాకు వేశారు, ఫ్లూది కూడా వేయొచ్చన్నారు.

ఇక అసలు కథ. రిపోర్టు సంగతి చెప్తే అమ్మమ్మ ఫోన్‌లో కిసుక్కున నవ్వింది. నన్ను పంపిన పది రోజులకే నాకూ పోసిందట. వేపాకు వేసి కాచిన నీళ్ళు పోసి, ఎవరికీ చెప్పకుండా తనే చూసుకుంది. "మీ అమ్మ అసలే కంగారు మనిషి, అక్కడ ఒకదాన్ని చూసుకుంటోంది, ఇది కూడానా అని చెప్పలేదే" అంది. నా నుదుటి మీద పాపిడి పక్కన చిన్న గుంట మచ్చ తెలుసుగా, పొక్కు గిల్లుకుంటే పడింది. ఉయ్యాల మీద నుంచి పడ్డానని అమ్మకి చెప్పింది.

ఇరవై ఆరేళ్ళు అబద్ధం చెప్పిందని అమ్మ రెండు రోజులుగా అమ్మమ్మతో మాట్లాడటం లేదు. నాన్న బాధ వేరు. అప్పట్లో కోపంతో ఆ ఉయ్యాలని పీకించి, గొలుసులు పాత ఇనప సామాన్ల వాడికి అమ్మేశారట.

నీ,
పండు