కేబుళ్ల తప్పు లేదు, తప్పు మాది

ఆదోని, కర్నూలు మార్కెట్‌లలో మా ద్వారా పాత డాస్ బిల్లింగ్ ప్రోగ్రాం నడుపుకుంటున్న ఖాతాదారులకు నమస్కారం.

కాటా దగ్గరి కంప్యూటర్ నుంచి గుమాస్తా కంప్యూటర్‌కు తూకం చీటీ వెళ్లే వేళ తెర బిగుసుకుపోతోందని రెండు నెలలుగా మీరు ఫోను చేస్తున్నారు. కేబుళ్ల లోపమని చెప్పి కొందరి చేత కొత్త కేబుళ్లు, స్విచ్‌లు కొనిపించాను. అది నా పొరపాటు. కిందటి వారం మా దుకాణంలో ఒకే కంప్యూటర్‌లో కాటా, గుమాస్తా యంత్రాలు రెండింటినీ నడిపి చూశాను. మధ్యలో తీగే లేదు. అయినా ఆగిపోయింది.

మీ పాత యంత్రాలు పాడయ్యాక ఆ ప్రోగ్రాంను ఎమ్యులేటర్‌లో, అంటే కొత్త కంప్యూటర్‌లో పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాంలో పెట్టాం. అందులోని ఎన్‌ఈ2000 నెట్‌వర్క్ కార్డు నిజానికి ఆ కార్డులా ప్రవర్తించే కోడు. అసలు కార్డు వేగం సెకనుకు 10 మెగాబిట్లు. 64 బైట్ల అతి చిన్న ప్యాకెట్‌ను (ఒక విడతలో పంపే సమాచారపు ముక్కను) పంపడానికే దానికి కనీసం 51.2 మైక్రోసెకన్లు పట్టేది. పంపడం పూర్తయ్యాకే ఇంటరప్ట్ ఇచ్చి, పని అయిందని ప్రాసెసర్‌కు కబురు చేసేది. మేము పెట్టిన కోడు మాత్రం ఆదేశం అందిన క్షణమే 'అయింది' అనేది.

ఒకవైపు చీటీ అందుకుంటూ మరోవైపు పంపాల్సి వస్తే, డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాం) ముందు పంపమని ఆదేశించి, ఆ తర్వాత పాత సంకేతాలను తుడిచేస్తుంది. అసలు కార్డుతో అందుకు వ్యవధి ఉండేది. ఇక్కడ అప్పటికే వచ్చేసిన కబురును కూడా తుడిచేసి, దాని కోసమే ఎదురుచూస్తూ ఉండిపోయేది. అందుకే సరుకు పలచగా ఉన్న రోజుల్లో ఇబ్బంది రాలేదు. పత్తి బళ్లు బారులు తీరిన రోజే, మీకు తీరిక లేని వేళే ఆగింది.

మొదట అన్ని ప్యాకెట్లకూ ఒకే జాప్యం పెట్టాను. ఆగడం పోయింది కానీ పని బాగా నెమ్మదించింది. ఇప్పుడు ప్యాకెట్ పొడవును బట్టి, ఎమ్యులేటర్ సొంత గడియారం ప్రకారమే కబురు వెళుతుంది. మూడు రోజులు ఆపకుండా నడిపితే ఒక్కసారీ ఆగలేదు.

మీరు కొన్న కేబుళ్లు, స్విచ్‌ల డబ్బు వాపసు ఇస్తాను. రసీదు లేకపోయినా సరే.

ఒక్క పని మాత్రం వెంటనే చేయండి. తెర ఆగిన రోజుల చీటీలను సరిచూడండి. యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టాక అదే చీటీని రెండోసారి కొట్టి ఉంటే రైతు లెక్క తప్పుతుంది. నాకు అన్నిటికన్నా దిగులు దాని గురించే. సరిచూడడానికి మనిషి కావాలంటే నేనే వచ్చి కూర్చుంటాను.

ఈ ఆదివారం ఆదోనిలో, సోమవారం సాయంత్రం కర్నూలులో కొత్త కోడు ఎక్కిస్తాను. దుకాణానికి అరగంట చాలు. ఆలోపు ఎవరూ కొత్త కేబుళ్లు కొనవద్దు.