షఫుల్‌లో బాస్ ఆగాల్సిన చోట ఆగాలి

సంపాదకులకు,

వినాయక చవితి పందిళ్లు మొదలుకొని క్రిస్మస్ ఆరాధనల దాకా నెల్లూరు, కావలి, ఒంగోలు ఆర్కెస్ట్రాలకు, చర్చి క్వయర్లకు తీరిక ఉండదు. పాడేవాళ్లు బాగా పాడుతున్నారు, కీబోర్డు బాగుంటోంది. షఫుల్ అనే ఊగే నడకలో పాట ఎత్తుకుంటే మాత్రం బాస్ గిటార్ దగ్గర పట్టు జారుతోంది. డ్రమ్స్ ఊగుతూ పోతుంటే బాస్ తిన్నగా నడుస్తోంది. ఇది సాధనతో పోయే లోపమే కాబట్టి రాస్తున్నాను.

షఫుల్‌లో ఒక్కో బీటు మూడు ముక్కలు. తిస్ర గతి తెలిసినవారికి కొత్తేమీ కాదు, బీటుకో ‘తకిట’. ‘త’ మీద, ‘ట’ మీద మీటాలి, ‘కి’ మీద మీటకూడదు. ‘ట’ ఆలస్యమై తర్వాతి ‘త’కు అతుక్కుంటే కుంటి నడక వస్తుంది, తొందరపడితే మామూలు ఎనిమిది దెబ్బలవుతుంది. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 బీట్ల దగ్గర పెట్టి, నోటితో తకిట అంటూ ఒక్క స్వరం మీదే ముందు కుదుర్చుకోవాలి. వేగం బాగా పెరిగినప్పుడు రెండు దెబ్బలూ సమానానికి దగ్గరవడం సహజమే.

తర్వాత వరస. అన్నిటికన్నా లావైన ఇ తీగ మీద 5వ ఫ్రెట్ (మెడ మీది అడ్డుకమ్మీల్లో అయిదో గడి) షడ్జమం అనుకుంటే ఎ తీగ మీద 4, 7, డి తీగ మీద 4, 5 ఫ్రెట్లు. మన లెక్కలో స గ ప ద ని, మళ్లీ ద ప గ. గాంధారం అంటే అంతర గాంధారం, నిషాదం అంటే కైశికి నిషాదం. ఒక్కో స్వరం రెండుసార్లు, ‘త’కొకటి, ‘ట’కొకటి. చూపుడు వేలు 4 మీద, మధ్య వేలు 5 మీద, చిటికెన వేలు 7 మీద ఉంటే చెయ్యి జరపనక్కర్లేదు. ఇక్కడ షడ్జమం ఎ స్వరం. ఇదే ఆకారాన్ని ఎ తీగ 5వ ఫ్రెట్‌కు మారిస్తే షడ్జమం డి స్వరం అవుతుంది, 7కు మారిస్తే ఇ స్వరం. పన్నెండు బార్ల (ఆవర్తాల) చుట్టుగా నడిచే బ్లూస్ పాటకు అంతకు మించి అక్కర్లేదు.

అసలు కష్టం మీటడంలో లేదు, ఆపడంలో ఉంది. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బాస్ అనే ఎలక్ట్రిక్ బాస్ గిటార్ తేకముందు అమెరికా బ్లూస్‌లో షఫుల్ బాస్‌ను ఎక్కువగా నిలువు బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) మీద వాయించేవారు. దాని నాదం మీటగానే తగ్గిపోతుంది. ఎలక్ట్రిక్ బాస్ మోగుతూనే ఉంటుంది కాబట్టి వాదకుడే తుంచాలి. ‘ట’ మీటిన వెంటనే ఎడమ వేలి ఒత్తిడి తియ్యాలి, తీగను మాత్రం వదలకూడదు. వదిలేస్తే ఖాళీ తీగ మోగుతుంది. 5, 7 ఫ్రెట్ల దగ్గర ఒక్క వేలే ఆనితే సన్నటి ఈల లాంటి నాదం లేస్తుంది, అందుకే పక్క వేలినీ ఆనించాలి. ఎ తీగ మీటేటప్పుడు కుడి బొటనవేలు ఇ తీగ మీద ఆని ఉండాలి. ‘త’ను ‘కి’ దాకా నిలపాలా, వెంటనే తుంచాలా అన్నది డ్రమ్మర్‌తో ముందే మాట్లాడుకోవాలి. పాట మధ్యలో మారిస్తే ఊపు పోతుంది. బ్రిడ్జి (తీగలు ఆనే చివరి కమ్మీ) దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చినా మోత తగ్గుతుంది. పందిట్లో నాకు ఇదే మంచి ఉపాయం అనిపిస్తుంది.

సౌండు ఆపరేటర్లకూ ఒక విన్నపం. ఇ తీగ 5వ ఫ్రెట్ నాదం 55 హెర్ట్జ్. ఆ ప్రాంతాన్ని మిక్సర్‌లో విపరీతంగా పెంచి, పైన ఎకో కలిపితే వాదకుడు తుంచిన ఖాళీ అంతా మోతతో నిండిపోతుంది. బాస్‌కు ఎకో అసలు వద్దు. కీబోర్డు వాయించేవారు కూడా బాస్ గిటార్ ఉన్నప్పుడు ఎడమ చేతి బాస్ ఆపేయాలి, రిథమ్ ప్యాడ్‌లో ఊగకుండా తిన్నగా తిరిగే లూపు (అదే లయ మళ్లీ మళ్లీ మోగే రికార్డింగు) వేయకూడదు.

నెల్లూరులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పేరున్న ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలలో మృదంగం గురువుల చేత వారాంతాల్లో తిస్ర గతి తరగతి పెట్టిస్తే బాస్, ప్యాడ్, కీబోర్డు కుర్రాళ్లు కలిసి కూర్చుని నేర్చుకుంటారు. వాయిద్యాలు కూడా అక్కర్లేదు, చేత్తో తాళం వేస్తూ నోటితో తకిట చెప్పిస్తే చాలు. సాంస్కృతిక శాఖ అధికారులు ఈ సంగతి పరిశీలించాలని కోరుతున్నాను.

– ఒక బాస్ గిటార్ వాదకుడు, కావలి